తిమింగలం మింగిన తెడ్డు

అండమాన్‌లో ఫీనిక్స్ బే జెట్టీ గేటుకి ఎదురుగా కనకలక్ష్మి టీ కొట్టు. ఆగస్టు నెల, వాన పడుతోంది. సముద్రం బాగోలేదని ఆ పొద్దున్న బోటు ఆపేశారు. బోటు లేకపోతే పోర్టరు నాగబాబుకి మోయడానికి సామాను లేదు, నాకు వెళ్లడానికి దారి లేదు. లక్ష్ముడు మామకి మాత్రం వినేవాళ్లు దొరికినట్టే.

లక్ష్ముడు మామ వెహికల్ బోటు మీద లష్కరుగా ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాడు. చాథం నుంచి బాంబూ ఫ్లాట్‌కి బండ్లను దాటించే బోటు అది. బండి ఎక్కగానే చక్రాల కింద చెక్కముక్కలు పెట్టడం, దిగే ముందు వాటిని తీయడం ఆయన ఉద్యోగం. ఆయన మాటలు వింటే మాత్రం, ఆ బోటు ఆయన మొహం చూసి తేలేది.

అప్పుడే ఒక చిన్న కారు గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కింది. టొక్. వెనక చక్రాలు దాటాయి. టొక్, టొక్.

ఆస్టినాబాద్ ప్రేమయ్య కారు దిగి, దాన్ని తన్నబోయి, మనసొప్పక కాలు వెనక్కి తీసుకున్నాడు. పంతొమ్మిదేళ్ల బండి. లోపలికొచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"రేపు పదింటికి బండికి ఫిట్‌నెస్ పరీక్ష. ఇన్‌స్పెక్టరు ఎక్కి స్పీడ్ బ్రేకర్ల మీద తోలుతాడంట. ఈ టొకటొక వింటే కాగితం ఇవ్వడు. కాగితం లేకపోతే ఈ బండి ఇక తుక్కే. ఆదివారం మా ఆవిడ ప్రేమావతినీ, ముసలమ్మ గారినీ, ఇంకో ఇద్దరు మోకాళ్ల నొప్పుల వాళ్లనీ ప్రార్థన మందిరానికి ఏం చేసి తీసుకెళ్లను, వీపు మీద మోసుకెళ్లనా? రెండు నెలల నుంచి తిరుగుతున్నాను. ఒక మెకానిక్కు షాకర్లు మార్చాడు. ఇంకోడు బుష్షులు మార్చాడు. మూడోవాడు ఏమీ దొరక్క బండి కడిగి ఇచ్చాడు."

లక్ష్ముడు మామ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే మాకు తెలిసిపోతుంది. నాగబాబు బల్ల మీద కాళ్లు పైకి పెట్టుకుని సర్దుకున్నాడు.

"అరే ప్రేమయ్యా, మెకానిక్కులు చప్పుడుని కళ్లతో వెతుకుతారయ్యా. చప్పుడు కళ్లకి కనపడతాదా? చెవి కావాలి. చెవొక్కటే ఉంటే చాలదు, తెడ్డు కావాలి. నవ్వకు నాగబాబూ. మా అయ్య హోప్ టౌన్‌లో చేపల పడవ మీద ఉండేవాడు, తెలుసు కదా. వల వేసే ముందు తెడ్డు నీళ్లలోకి దించి, పిడి చెవికి ఆన్చి, కళ్లు మూసుకునేవాడు. అడుగున గొరక చేపలు గుర్రు గుర్రుమంటే ఆ మోత తెడ్డు కర్ర పట్టుకుని పైకొచ్చేస్తాది. ఏ పక్క ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో చెప్పేసేవాడు. ఆ తెడ్డే నాకొచ్చింది. మూడడుగుల కురచ తెడ్డు, పిడి దగ్గర మా అయ్య చెవి ఆన్చి ఆన్చి గుంట పడిపోయింది. డ్యూటీకి కూడా అది పట్టుకునే వెళ్లేవాణ్ని. ఒకరోజు ఒక మేస్టారు ఇలాంటి పాత చిన్న కారే బోటు ఎక్కించాడు. కటకటలాడుతోంది. ఆయన మొహం నీలాగే ఉంది, వేలాడిపోయి. నేను చెక్కముక్క పెట్టి, తెడ్డు కొస ముందు చక్రం వెనకాల ఆన్చి, పిడి చెవికి పెట్టి, 'మేస్టారూ, బండి పట్టుకుని కిందికీ పైకీ ఊపండి' అన్నాను. ఊపాడు. విన్నాను. 'ఎడమ పక్క లింకు రాడ్డు. రబ్బరు పోయింది' అన్నాను. బాంబూ ఫ్లాట్‌లో విప్పించాడు. అదే!"

"ఇంతవరకూ బాగానే ఉంది," అన్నాడు నాగబాబు. "ఇది నమ్మొచ్చు."

"నమ్మొచ్చు ఏటి, నమ్మాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేరు పాకిపోయింది. జనం అవతలి గట్టున పని లేకపోయినా బండ్లు బోటు ఎక్కించడం మొదలుపెట్టారు, నా చేత వినిపించుకోవడానికి. ఒక్కొక్క బండి దగ్గరికీ వెళ్లి వంగుతుంటే నా నడుం ఏమవుతాది? అందుకని బోటు డెక్కు మధ్యలో తెడ్డు ఆన్చి, ఒక్కసారే పద్దెనిమిది బండ్లు వినేవాణ్ని. 'రెండోది, షాకరు కారుతోంది. ఐదోది, స్ప్రింగు కప్పు. తొమ్మిదోది, బండికి ఏమీ లేదు, డ్రైవరుకి కింది దవడలో కుడి పక్క పన్ను కదులుతోంది.' వాడు నవ్వాడు. బిస్కెట్టు కొరికాడు. పన్ను చేతిలోకొచ్చింది."

"బిస్కెట్టు టీలో ముంచుకోకపోతే అంతే," అంది కనకలక్ష్మి, పాలు కలుపుతూ.

"నువ్వు విను కనకం. ఒకరోజు చాథంలో బోటు ఖాళీగా ఉంది, బండ్లు లేవు. ఊరికే కూర్చోలేక తెడ్డు సముద్రంలో పెట్టాను. ముందు చేపలు. చేపల కింద ఇసక. ఇసక కింద రాయి. మన ద్వీపాలన్నీ అడుగున ఒకటే రాయి కదయ్యా, ఆ రాయి పట్టుకుని చప్పుడు వస్తోంది. టింగ్... టింగ్... డిగ్లీపూర్ రోడ్డు మీద ఒక జీపు, వెనక కమాను పట్టీ ఒకటి చీలిపోయింది, ఇంకో మూడు గుంతలు దాటితే ముక్కలైపోతాది. వెంటనే ఫోను చేశాను. 'భయ్యా, గాడీ రోకో!' అన్నాను. ఆపాడు. వాడు దిగి రెండడుగులు వేశాడో లేదో పట్టీ విరిగి బండి కూర్చుంది. వాడు ఫోనులోనే ఏడ్చాడు."

"ఆ జీపు వాడి ఫోను నంబరు నీకెవరిచ్చారు మామా?" అంది కనకలక్ష్మి.

"పాలు పొంగిపోతున్నాయి, చూసుకో."

పాలు పొంగడం లేదు. అయినా ఆవిడ ఒకసారి చూసింది. ఆ సందులో మామ ముందుకి వెళ్లిపోయాడు.

ప్రేమయ్య టీ ముట్టుకోలేదు. "అన్నా, కబుర్లు తర్వాత. నా బండి ఒక్కసారి వినిపెట్టు. రేపు పదింటికి..."

"అక్కడికే వస్తున్నాను, ఆగు. వైద్యుడికి అనుభవం ఉందో లేదో రోగి తెలుసుకోవద్దా? అసలు పెద్ద కేసు ఇంకా చెప్పలేదు. మొన్న మొన్ననే, రెండు నెలలైంది. హోప్ టౌన్‌లో మా బావమరిది ఇంటికి వెళ్లాను. భోజనం చేశాం, కాస్త కల్లు కూడా తాగాం, అబద్ధం ఎందుకు చెప్పాలి. వానొచ్చేలా ఉందని లుంగీ విప్పి తెడ్డుకి చుట్టాను. నిక్కరుతో గట్టుకి వెళ్లాను. నేను తడిస్తే ఆరతాను, మా అయ్య తెడ్డు తడిస్తే చెవి గుంట పాడవుతాది."

"సముద్రంలో పెట్టే తెడ్డు వానకి తడవకూడదా?" అన్నాడు నాగబాబు.

"అది ఉప్పునీరు, ఇది మంచినీరు. తెడ్డుకి తేడా తెలుస్తాది, నీకు తెలీదు. గట్టున తెడ్డు నీళ్లలో పెట్టానా, టొక్... టొక్... అచ్చం చిన్న కారు చప్పుడు. ఎవడి కారో మునిగిపోయిందనుకున్నాను. నీళ్లు లేచాయి. కారు కాదు. తిమింగలం! పొడుగు ఎంత? ఇక్కడి నుంచి అబర్డీన్ బజారు దాకా ఉంటాది, తోక అక్కడి గడియార స్తంభానికి తగిలేలా. ఎడమ రెక్క ఊపినప్పుడల్లా టొక్. పాపం, కంట్లో నీళ్లు."

"సముద్రంలో ఉన్నదాని కంట్లో నీళ్లు నీకెలా కనపడ్డాయి మామా?" అని అడిగాను నేను. అప్పటిదాకా నోరు మూసుకుని ఉన్నవాణ్ని, ఆగలేకపోయాను.

"వేడిగా ఉన్నాయి. ఆవిరి వస్తోంది. సునో. ఎక్కాను దాని మీదికి. రెక్క కీలు దగ్గర తెడ్డు పెట్టి విన్నాను. మన బండికి కింది ఆర్మ్ దగ్గర రబ్బరు బుష్షు ఉంటాది చూడు, అచ్చం అదే. అరిగి అరిగి ఎముకా ఎముకా కొట్టుకుంటోంది. దాని కొలతకి బుష్షు ఎక్కడ దొరుకుతాది? గట్టు మీద టిప్పరు లారీ టైరు ఒకటి పడి ఉంటే, బావమరిది చేత దొర్లించుకొచ్చి, కొబ్బరి నూనె పూసి, రెక్క సందులో పెట్టి ఒక్క తన్ను తన్నాను. కూర్చుంది. తర్వాత టెస్టు డ్రైవు చెయ్యాలి కదా. పని చేసి టెస్టు డ్రైవు చెయ్యనివాడు మెకానిక్కే కాడు. పట్టుకుని కూర్చున్నాను. హావ్‌లాక్ దాటాం. లిటిల్ అండమాన్ దాటాం. కార్ నికోబార్‌లో ఎవరో చెయ్యి ఊపారు, నేనూ ఊపాను. సముద్రంలో స్పీడ్ బ్రేకర్లు లేవు కాబట్టి పెద్ద అలలు చూసి వాటి మీద ఎగిరించాను, మూడుసార్లు. చప్పుడు లేదు! పదకొండు నిమిషాల్లో హోప్ టౌన్ గట్టున దింపేసింది. టీ వేడి తగ్గలేదు."

"కల్లు అన్నావు కదా?" అన్నాడు నాగబాబు.

"టీ కూడా ఉంది. ఇంతకీ అది సంతోషం పట్టలేక నోరు తెరిచింది, థ్యాంక్స్ చెప్పడానికి. ఆ గాలికి నా చేతిలో తెడ్డు, దానికి చుట్టిన లుంగీతో సహా సర్రున దాని గొంతులోకి పోయింది. నీలం గళ్ల లుంగీ, కొత్తది. మొత్తం మింగేసింది. నేను నిక్కరుతో ఇంటికెళ్లాను. కావాలంటే మా ఆవిడ అసిరమ్మని అడగండి, వారం రోజులు తిట్టింది."

ప్రేమయ్య అంతసేపూ దేనికోసం కూర్చున్నాడో అది చేజారుతున్నట్టు ఆయన మొహం వాలిపోయింది.

"అంటే, తెడ్డు లేదా?"

"లేదు ప్రేమయ్యా. ఉంటే నీ బండి ఒక్క నిమిషం పని. తెడ్డు హిందూ మహాసముద్రంలో తిరుగుతోంది. నేనేం చేసేది?" అని మామ చేతులు చాచి, హాయిగా గ్లాసు అందుకున్నాడు.

"నిక్కరుతో వచ్చిన మాట మాత్రం నిజమే," అన్నాడు నాగబాబు, న్యాయంగా. "ఆ రోజు చాథంలో నేను కళ్లారా చూశాను. ప్రేమయ్య గారి కారులోంచి దిగాడు."

ప్రేమయ్య విసుగ్గా తల ఊపాడు. "అవును, ఎక్కించుకొచ్చాను. హోప్ టౌన్‌లో ప్రార్థన కూటం అయ్యి వస్తుంటే, బాంబూ ఫ్లాట్ బోటు దగ్గర వానలో నిలబడి ఉన్నాడు. వెనక సీట్లో కూర్చుని గట్టు చేరేదాకా గురక. ఆ నిక్కరు చూసి మా ప్రేమావతి దారంతా కిటికీలోంచి బయటికే చూసింది."

కనకలక్ష్మి స్టవ్ తగ్గించింది. "ప్రేమయ్య బాబాయ్, చప్పుడు ఏ రోజు మొదలైంది?"

"చెప్పాను కదమ్మా, రెండు నెలలు. ఆ హోప్ టౌన్ కూటం నుంచి వచ్చిన మర్నాడే. ఇంటి ముందు గుంతలో టొక్ అంది. ఆ హోప్ టౌన్ రోడ్డు దెబ్బకే ఏదో విరిగిందనుకున్నాను."

"మెకానిక్కులు బండి అంతా చూశారా?"

"జాకీ ఎత్తి కిందంతా చూశారు. ఒక్కొక్క నట్టూ."

"కింద సరే. లోపల?"

"లోపల ఏముంటుంది? వెనక సీటు వెనకాల సంఘం టార్పాలిన్ ఉంది, అంతే. ఆరుబయట కూటాలకి వేసేది. అది మందిరం ఆస్తి. పాస్టరు గారు తియ్యమంటేగానీ మడత కదపం. వానలు మొదలయ్యాక ఆరుబయట కూటాలు ఆపేశాం కదా, దాని అవసరం రాలేదు. గ్రీజు చేతులతో ముట్టుకుంటారేమోనని మెకానిక్కులకి కూడా ముందే చెప్పాను, దాని మీద చెయ్యి వెయ్యొద్దని."

లక్ష్ముడు మామ టీ మింగడం ఆపాడు. గ్లాసు పెదవుల దగ్గరే ఉండిపోయింది.

కనకలక్ష్మి చేతులు కొంగుకి తుడుచుకుని వానలోకి నడిచింది. మేమూ వెనకాలే వెళ్లాం. వెనక తలుపు ఎత్తింది. "నా చేతులకి గ్రీజు లేదు బాబాయ్," అని చెప్పి, టార్పాలిన్ మడత కింద చెయ్యి పెట్టి, భుజం దాకా దూర్చి వెతికింది. బయటికి లాగింది.

నీలం గళ్ల లుంగీ. లుంగీలో చుట్టిన మూడడుగుల కురచ తెడ్డు. పిడి దగ్గర చెవి గుంట. కొస దగ్గర లుంగీ చిరిగి ఉంది, కారు రేకుకి రెండు నెలలుగా కొట్టుకుని.

ప్రేమయ్య డ్రైవరు సీట్లో కూర్చుని, కారు తిప్పి, స్పీడ్ బ్రేకర్ ఎక్కించాడు. ఏమీ లేదు. మళ్లీ తిప్పి ఇటు నుంచి ఎక్కించాడు, ఈసారి కాస్త జోరుగా. ఏమీ లేదు. మూడోసారి ఎందుకు ఎక్కించాడో ఆయనకే తెలియాలి. కిటికీలోంచి బయటికి పెట్టిన తల మాత్రం లోపలికి తీసుకోలేదు, వాన పడుతున్నా.

లక్ష్ముడు మామ తెడ్డు అందుకున్నాడు. లుంగీ విప్పి భుజాన వేసుకున్నాడు. గుంటలో ఒకసారి బొటనవేలు పెట్టి రాశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో కోతల జాడ లేదు. ఆ ఒక్క క్షణమే.

"చూశారా, విశ్వాసం గల జీవి," అన్నాడు. "ఎవరి బండిలో వచ్చానో గుర్తుపెట్టుకుని మరీ తెచ్చి పెట్టింది."

"తిమింగలమా?" అన్నాడు నాగబాబు. "ఆస్టినాబాద్ దాకా వచ్చి, డిక్కీ తలుపు తీసి, టార్పాలిన్ మడత ఎత్తి, మళ్లీ సర్ది వెళ్లిందా?"

"మర్యాద కూడా తెలిసిన జీవి మరి."

కారు వచ్చి ఆగింది. ప్రేమయ్య దిగేలోపే మామ తెడ్డు కొస బానెట్టు మీద ఆన్చి, పిడి చెవికి పెట్టి, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు. వాన ఆయన ముక్కు మీద నుంచి కారుతోంది.

"ప్రేమయ్యా, భయపడకు. రేపు పక్కా పాసవుతాది. నీ బండికి ఏ జబ్బూ లేదు."

"ఎందుకుంటుంది మామా," అంది కనకలక్ష్మి, కొట్టులోకి నడుస్తూ. "జబ్బు దిగిపోయి, తెడ్డు పట్టుకుని బయట నిలబడింది కదా."