రెండో అక్షరం

హలో… కరీమూ, నేనేనే, రమ్యని. మా ఆయన ఫోన్లోంచి చేస్తున్నా. నాది చార్జింగ్ అయిపోయింది.

…ఏడవట్లేదే. మెట్లెక్కి పరిగెత్తా, అందుకే రొప్పు. నువ్వు స్టూడియోలోనే ఉన్నావా? … హమ్మయ్య. ఎవరున్నారు అక్కడ? … పాస్‌పోర్టు ఫొటోలకా? రేపు రమ్మను. దండం పెట్టి పంపించెయ్యి. వెంటనే.

…వెళ్లారా?

మా అత్త మందు తాగిందే.

…కాదు! కాదే, కావాలని కాదు. చేలో ఎండకి దాహమేసి తాగింది. ఆకుపచ్చ కూల్‌డ్రింకు సీసా, లోపల ఏముందో కనపడదుగా, మంచినీళ్లనుకుంది. బుల్లయ్య లేడూ, మా చేలో మందు కొట్టేవాడు… మిగిలిన మందు ఆ సీసాలో పోసి గట్టు మీద పెట్టాడట. ఒక్క గుక్క. నోరు మండేసరికి ఉమ్మేసింది. కానీ కొంత లోపలికి పోయింది.

…గుంటూరు ఆసుపత్రిలో. ఎమర్జెన్సీ వార్డు గుమ్మం దగ్గరున్నా. లోపలికి రానివ్వట్లేదు.

…కరీమూ, నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తా. ఆపు. నీతో పనుంది. పొద్దున నేను తెచ్చిపెట్టిన కెమెరా బ్యాగు ఎక్కడుంది? … బల్ల కిందా? బయటికి తియ్యి.

…చెప్తాను విను. డాక్టరు గారు ఏ మందో చెప్పమంటున్నారు. ఇవాళ చేలోకి రెండు డబ్బాలు వచ్చాయి. ఒకటి పురుగు మందు, ఒకటి గడ్డి మందు. పురుగు మందయితే విరుగుడు ఉందట, ఇంజెక్షన్ మొదలెడతారట. గడ్డి మందుకి విరుగుడే లేదట. పైగా దానికి ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయట. ఇక్కడ చూస్తే ఆవిడకి ఊపిరాడట్లేదు… పెట్టాలా, మానాలా అని వాళ్లు ఆలోచిస్తున్నారు.

…బుల్లయ్య ఇక్కడే ఉన్నాడు. మెట్ల మీద కూర్చుని తల బాదుకుంటున్నాడు. ఒకసారి ఇదంటాడు, ఒకసారి అదంటాడు. భయంతో వాడికి మతి లేదు.

…డబ్బాలు రెండూ చెత్తతోపాటు మంటలో వేశాడే! సీసా అత్త విసిరేస్తే కాలవలో పడి కొట్టుకుపోయింది. అన్నీ అడిగారు, అన్నీ చూశాం. ఏదీ లేదు. ఆ కెమెరా ఒక్కటే ఉంది.

…పొద్దున ఆకుముడత మీద షూట్ చేశా కదా, ఆ రైతుల ఛానెల్ వాళ్లకి. మిరప మొక్కలు తీస్తుంటే వెనకాల గట్టు మీద బుల్లయ్య డబ్బా వంచి సీసాలో పోస్తున్నాడు. ఫ్రేములోకి వచ్చాడని నేను అరిచా కూడా. డబ్బా మీద పేరు పడే ఉంటుంది. ఆ పేరు నువ్వు చదివి చెప్పాలి.

…కెమెరా తెర పోయింది కదే! కన్ను పెట్టి చూసే ఆ కంతలోంచి మనిషి ముఖమే ఆనదు, అక్షరాలేం ఆనుతాయి? కంప్యూటర్లోకి ఎక్కించాలి.

…తెలుసు, నువ్వు ఆల్బమ్‌ల మనిషివి. వీడియో జోలికి ఎప్పుడూ రాలేదు. నేను చెప్తా, నువ్వు చెయ్యి. మా ఆయనకి మౌస్ పట్టుకోవడమే రాదు. అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు?

…నీది కాదు, నా కంప్యూటర్ ఆన్ చెయ్యి. … పాస్‌వర్డా? నాంచారమ్మ. ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాలు… అవును, మా అత్త పేరే. కొట్టు.

…కెమెరాలోంచి కార్డు తీశావా? మెల్లగా నొక్కితే అదే బయటికొస్తుంది. కార్డు రీడర్లో పెట్టు. ఏమొచ్చింది?

…ఏం చెయ్యాలంటోంది? ఫార్మాటా? వద్దు! కరీమూ, వద్దు! ముట్టుకోకు! అది నొక్కితే మొత్తం తుడిచిపెట్టుకుపోద్ది! … నొక్కలేదు కదా? ఒట్టు? … క్యాన్సిల్ కొట్టు. కొట్టావా? … హమ్మయ్య.

…కార్డు పోలేదులే, ఆ రీడరే పాడైందేమో. కార్డుని చున్నీకి తుడిచి మళ్లీ కెమెరాలో పెట్టు. బ్యాగు పక్క జేబులో తెల్ల కేబులుంటుంది, దాంతో కెమెరానే కలుపుదాం. … ఆ, అదే. ఒక కొస కెమెరాకి, ఒకటి కంప్యూటర్‌కి. … కనపడట్లేదా? చార్జర్ పెట్టావా? ఆ కెమెరాకి కరెంటు ఇస్తేగానీ కంప్యూటర్ దాన్ని పట్టదు. … గోడకి పెట్టు. ప్లగ్గు లూజు, పైనుంచి చేత్తో నొక్కి పట్టుకో.

ఏవండీ… ఏమన్నారు? … అయ్యో దేవుడా. ఇంకొక్క నిమిషం ఆగమనండి. కనుక్కుంటున్నాం అని చెప్పండి. కాళ్లు పట్టుకోండి.

…నీతో కాదే, మా ఆయనతో. అత్తకి నోట్లోంచి చొంగ కారుతోందట. చెమటలు పోస్తున్నాయట. మళ్లీ అడుగుతున్నారు, ఏ మందని.

…వచ్చిందా? కెమెరా పేరు కనపడుతోందా? తెరువు. లోపల ఇంకో ఫోల్డరు, దాన్లో ఇంకోటి… వెళ్తూ ఉండు. చివర్లో ఫైళ్లుంటాయి. … అన్నీ నంబర్లే, పేర్లుండవు. ఒక్కోటి రెండుసార్లు నొక్కి చూడు.

…నల్లగా ఉందా? బొమ్మ రాదు, ఆ ప్లేయరు దీన్ని చూపించలేదు. శబ్దం వస్తోందా? … ఏం వినపడుతోంది? … గాలి, సరే, తర్వాతది. … మోటారు చప్పుడా, అదీ కాదు. తర్వాతది పెట్టు.

…ఏమన్నావ్? నా గొంతా? ఏమని అరుస్తున్నా? … "బుల్లయ్యా, పక్కకి జరుగు"! అదేనే! అదే ఫైలు! నంబరు గుర్తు పెట్టుకో.

…మా అత్త గొంతు కూడా ఉందా? … వద్దు. ఏమందో ఇప్పుడు చెప్పకు. వినలేను.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరువు. డెస్క్‌టాప్ మీద ఊదా రంగు బొమ్మ. కొత్త ప్రాజెక్టు… పేరేదైనా పెట్టు, ఓకే కొట్టు. … ఆ ఫైలుని లాగి లోపల వేశావా? … తీసుకోనంటోందా?

…ఇంకోసారి లాగినా అంతే. ఆగు, నన్ను ఆలోచించుకోనివ్వు… ఒక్కసారి ఊపిరి పీల్చుకోనివ్వు. … ఆ! ఒక్క ఫైలు విడిగా ఇస్తే తీసుకోదు, మొత్తం కెమెరాని చూపించాలి. పైన ఇంపోర్ట్ అని ఉందా? దాన్లో కెమెరా నుంచి అని ఉంటుంది. అది నొక్కు. … చిన్న చిన్న బొమ్మలొచ్చాయా? మిరప మొక్కలు? నల్లగా కాదు కదా, బొమ్మలే కదా? … కరీమూ, నీ నోట్లో చక్కెర పొయ్యా!

…మన నంబరు ఫైలుకి టిక్కు పెట్టి ఇంపోర్ట్ కొట్టు. … గీత కదులుతోందా? ఎంతవరకొచ్చింది? … కెమెరా కదపకు. ప్లగ్గు వదలకు. ఇప్పుడు ఊడిందంటే మళ్లీ మొదటినుంచి.

…వీళ్లు ఆక్సిజన్ సిలిండరు తెస్తున్నారే. నా ముందునుంచే తోసుకుపోతున్నారు.

అమ్మా, సిస్టరమ్మా, ఒక్క మాట… డాక్టరు గారితో ఒక్క మాట చెప్పండి, పేరు తెలుస్తోందని. మా స్టూడియోలో చూస్తున్నారు. అయిపోయింది, అయిపోవచ్చింది…

…కరీమూ, ఎంతైంది? … సగమేనా? … ఇందాక స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఏం కాదులే పిల్లా" అంది. ఆవిడ నాకు చెప్తోంది, నాకు!

…అయ్యిందా? వచ్చేసిందా? ఆడించు. బొమ్మ వస్తోందా? … ఎవరు కనపడుతున్నారు? … ఎడమ పక్క, మొక్కల వెనకాల చూడు. … పంచె ఎగ్గట్టుకుని, ఎర్ర తువ్వాలు? బుల్లయ్యే. ఆపు అక్కడ. చేతిలో డబ్బా ఉందా? … ఏ రంగు? … తెల్లదా. రెండూ తెల్లవేనే! రంగుతో కాదు, పేరు చదువు.

…మసగ్గానా? ఉండు, ఉండు. బొమ్మ కింద ఒక చిన్న పెట్టెలో నాలుగో వంతు అని ఉంటుంది. కంప్యూటర్ మొరాయిస్తోందని బొమ్మ నాణ్యత నేనే తగ్గించి పెట్టా. అది నొక్కి ఫుల్ పెట్టు. … తేటపడిందా? ఇప్పుడు దగ్గరికి తెచ్చుకో, పెద్దది చెయ్యి. ఇంకా. ఇంకా పెద్దది.

…వీపు అడ్డమొచ్చిందా? కీబోర్డు మీద కుడి బాణం గుర్తుంది చూడు, ఒక్కోసారి నొక్కు. ఒక్కో బొమ్మే ముందుకెళ్తుంది. తొందరపడకు. వాడు ఇటు తిరిగేదాకా నొక్కుతూ ఉండు. … తిరుగుతున్నాడా? … ఆపు.

చదువు.

…పీ. ఇంగ్లీషు పీ. … తర్వాత? … బొటనవేలు అడ్డమొచ్చిందా?

…ఒక్క పీతో తేలదే! డాక్టరు గారు కాగితం మీద రాసిచ్చిన పేర్లు రెండూ నా చేతిలో ఉన్నాయి. గడ్డి మందు పారాక్వాట్, పురుగు మందు ప్రొఫెనోఫాస్. రెండూ పీతోనే మొదలు. పీ తర్వాత ఏ ఉంటే గడ్డి మందు. ఆర్ ఉంటే పురుగు మందు. ఆ రెండో అక్షరమే కావాలి. వేలు జరిగేదాకా పద. ఒక్కో బొమ్మే.

…ఇంకోటి. … ఇంకోటి. … వెనక్కి పోయావా? సరే, మళ్లీ ముందుకి. … ఊ. … ఊ.

…జరిగిందా?

…

…ఏదీ? మళ్లీ చెప్పు. … ఏ లాగా ఉందా, ఆర్ లాగా ఉందా? "అనుకుంటా" అనకే, నీ బిడ్డల మీద ఒట్టు, అనుకుంటా అనకు! ఏ అయితే పైన మొన తేలుతుంది. ఆర్ అయితే పైన గుండ్రంగా ఉండి కింద కాలు చాస్తుంది. నిదానంగా చూడు. ఇంకో బొమ్మ జరుపు.

…గుండ్రంగా ఉందా? కాలుందా?

…ఆ తర్వాత ఓ కూడా కనపడుతోందా?

పీ, ఆర్, ఓ. పీ, ఆర్, ఓ! ఏవండీ! డాక్టరు గారూ! సార్! పురుగు మందు సార్! ప్రొఫెనోఫాస్! … వీడియోలో చూసి చెప్తోంది సార్, మా స్టూడియో అమ్మాయి… ఫొటోనా? ఇప్పుడే, ఇప్పుడే చూపిస్తాం సార్!

…కరీమూ, ఆ తెరని ఫోన్‌తో ఫొటో తీసి ఈ నంబరుకే పంపు. అక్షరాలు తేటగా పడాలి. … ఫోన్ పెట్టెయ్యకు, లైన్లోనే ఉండు.

…వచ్చింది. వచ్చిందే. ఇదిగో సార్, ఇదిగో, చూడండి.

…

…వెళ్లారు. ఫొటో పెద్దది చేసి చూశారు, అవునన్నారు. లోపలికి పరుగెత్తారు. అద్దంలోంచి కనపడుతోంది… ఆక్సిజన్ మాస్కు పెట్టేశారు. సూది ఎక్కిస్తున్నారు. … ఉన్నావా? … ఏడువ్. ఇప్పుడు ఏడువ్, పర్లేదు. నేనూ…

…ఏమో, తెలీదు. అత్త చుట్టూ జనం ఉన్నారు, ముఖం కనపడట్లేదు. కాళ్లు ఒక్కటే కనపడుతున్నాయి. మట్టి ఇంకా అట్లాగే ఉంది పాదాలకి.

…బుల్లయ్య లేచి వచ్చాడు. నా పక్కనే నిలబడ్డాడు. ఏమనను వాణ్ణి?

…ఇంకో సూది వేస్తున్నారే. చాలా ఇవ్వాల్సొస్తుందని ఇందాకే చెప్పారు, పురుగు మందయితే. … వేస్తూనే ఉన్నారు.

…నువ్వు లైన్లో ఉంటే చాలు.

…

…ఆగు. సిస్టరమ్మ వస్తోంది.

ఆ అమ్మా… ఆ… ఆ… నిజంగానా? … అట్లాగేనమ్మా. ఎన్నాళ్లయినా ఉంటాం.

…కరీమూ, చొంగ తగ్గిందట. ఊపిరి కాస్త కుదురుకుందట. గండం గట్టెక్కిందని మాత్రం ఇప్పుడే అనొద్దంది. కొన్నాళ్లు లోపలే ఉంచాలట, మళ్లీ తిరగబెట్టొచ్చట. కానీ మందు పనిచేస్తోందంది. పనిచేస్తోందని ఆవిడ నోటితో అందే.

…ఆ. నువ్వే. నువ్వు కాకపోతే ఏమయ్యేదో. … ఊరుకో, అట్లా అనకు.

…ఉండుండు. మళ్లీ పిలుస్తున్నారు. ఒక్కరినే రమ్మంటున్నారు.

ఏవండీ, మీరు వెళ్లండి. మీ అమ్మ కదా, వెళ్లండి… ఏంటమ్మా? … ఎవర్ని?

…

…కరీమూ, ఉంటానే. కళ్లు తెరిచిందట. పేరు పెట్టి అడుగుతోందట.

నన్నే.