కుప్పలో క్యారేజీ అన్నం

పెరటి మూల ఎరువు కుప్ప దగ్గర ఆలుమగలు నిలబడి ఉన్నారు. ఆయన మోటారు షెడ్డు నుంచి అప్పుడే వచ్చాడు, భుజాన సంచి ఇంకా దించలేదు. కుప్ప తిరగేసే పని ఈమధ్య ఆయనదే. ఈ పూట మాత్రం ఆవిడే పార పట్టింది.

"...పందికొక్కు అయితే కన్నం పెట్టి పోతుందండీ. అన్నం తెచ్చి కుప్ప నడుమ పూడ్చి, పైన ఎండాకు కప్పి వెళ్ళదు."

"అన్నమా? ఏ అన్నం?"

"వంగి చూడండి."

"బూజే అది. ఎండాకు తడిస్తే తెల్లబూజు పడుతుందని నువ్వే చెప్పావు కదా."

"బూజుకీ మెతుక్కీ తేడా తెలియదా నాకు? ఈ కుప్ప పెట్టిందే నేను."

"గిన్నెలో మిగిలింది నువ్వే పడేసుంటావు. మర్చిపోయుంటావు."

"వండింది ఇందులో వెయ్యను. తొక్కలు, టీపొడి, పచ్చాకు, దాని మీద రెండింతలు ఎండాకు. అంతే. అన్నం పడితే ముద్దకట్టి గాలాడనివ్వదు. మొన్నటిదాకా చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఇప్పుడు చూడండి, చల్లారిపోయింది. పైగా కంపు."

"నీళ్ళు ఎక్కువైనట్టున్నాయి. రేపు రంపంపొట్టు తెస్తాలే. ఒక గోనె చాలా?"

"పొట్టు సంగతి తర్వాత. ఇదేంటి?"

"ఏది?"

"గుడ్డు. కొరకనైనా కొరకలేదు. నేను ఉడకబెట్టి మీ క్యారేజీలో పెట్టిన గుడ్డు."

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"ఆ రోజు ఆకలి లేదు. పారేస్తే నువ్వు బాధపడతావని..."

"ఆ రోజా? నా చెవిలో పువ్వులు పెట్టకండి. నిన్నటి కూర పైన ఉంది, మొన్నటిది దాని కింద. పొరలు పేర్చడం నేర్పిందే నేను. దీనికా వాడుకున్నారు?"

"మెల్లగా. పక్కింటావిడ బట్టలు తీస్తోంది."

"తియ్యనివ్వండి. ఏనాడూ పార ముట్టని మనిషి, 'నీకు నడుం నొప్పి, నేను తిరగేస్తా' అంటే మురిసిపోయాను. మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఇప్పుడు సిగ్గేస్తోంది."

"నిజంగా నీ నడుం కోసమే..."

"నా వంట బాగోలేదా?"

"బాగుంది."

"ఉప్పెక్కువా?"

"బాగుందన్నాను కదా."

"మరి తెల్లారకుండా లేచి నేను వండేది ఈ కుప్పకా? నీళ్ళు నమలకండి. ఎవరు పెడుతున్నారు మీకు మధ్యాహ్నం?"

"ఎవరు పెట్టడమేంటి?"

"నాది తినట్లేదంటే ఇంకెవరిదో తింటున్నారు. రాత్రి ఇంటికొస్తే కడుపు నిండుగా ఉంది, గ్లాసు పాలు చాలంటారు. షెడ్డు ఆఫీసులో కొత్తగా చేరినావిడేనా?"

"ఆవిడ జోలికి పోకు."

"అయితే ఆవిడే."

"అవును. ఆవిడే. సరేనా? తెలుసుకున్నావుగా. ఇక ఆ పార ఇటివ్వు, ఇదంతా తీసేస్తాను."

"ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటి?"

"అడిగావు, చెప్పాను."

"కాపరం కూలిపోయే మాట అది. నా మొహం చూసి చెప్పండి."

"పార ఇవ్వు."

"ఇవ్వను. ఎవరో కొసరి కొసరి పెడుతుంటే మీ ప్యాంటెందుకు జారుతోంది? బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడుచుకున్నారు. చూడలేదనుకున్నారా?"

"షెడ్డులో పని ఎక్కువైంది."

"లోపలికి రండి. పళ్ళెం పెడతాను. నా ఎదురుగా ఒక్క ముద్ద తినండి చాలు, ఆవిడ సంగతి ఇంకెప్పుడూ ఎత్తను."

"వద్దు."

"ఒక్క ముద్దే."

"వద్దన్నానా."

"ఎందుకు వద్దు? నా చేతి అన్నం అంత చేదైపోయిందా?"

"దిగట్లేదు."

"ఏంటి?"

"గొంతు దిగట్లేదు. ఇదిగో, ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. పాలు, నీళ్ళు అయితే ఎలాగో పోతున్నాయి. ఆవిడా లేదు, ఎవరూ లేరు. ఆవిడతో నేను సరిగ్గా మాట్లాడింది కూడా లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కుప్ప నేను తిరగేస్తానన్నప్పటి నుంచి."

"అయ్యో, పిచ్చి మనిషీ. గొంతు నొప్పికి ఇంత దాపరికమా? లేనిపోని నింద నెత్తినేసుకుంటారా? పదండి, డాక్టరు ఇంకా ఉంటాడు. రెండు బిళ్ళలు మింగితే పోయేదానికి నన్నింత ఏడిపించారు."

"మా నాన్న కూడా ముందు అన్నం దిగట్లేదనే అన్నాడు. ఆ ఏడు దాటలేదు."