మూడో ముక్క

స్ఫాక్స్ పట్నంలో ఓ ఆసుపత్రి. కోసి తీసిన కండ ముక్కల్ని పరీక్షించే గదిలో డాక్టర్ విదాద్ ఎదుట మబ్రూకా కూర్చుంది.

"కాగితం ఇచ్చేస్తే పోతాను తల్లీ. కుట్లు చూపించుకుందామని వస్తే నర్సు ఇటు తోలింది."

"కూర్చోండి పిన్నీ."

"కూర్చునే ఉన్నాగా."

"అవును... కూర్చునే ఉన్నారు. ఈ గదికి మనుషులు రారు, ముక్కలే వస్తాయి. అలవాటు తప్పింది. మీతో ఎవరొచ్చారు?"

"పిత్తసంచిలో రాళ్ళన్నారు, సంచి తీసేశారు. నెలయింది. దానికి ఊరంతా రావాలా?"

"తీసిన సంచిని ఊరికే పారెయ్యం పిన్నీ. ఎవరిదైనా సరే, పల్చగా ముక్కలు కోసి నేను చూస్తాను."

"రాళ్ళేగా! చూసేందుకేముంది?"

"నేనూ అలాగే అనుకున్నా. మొదటి ముక్కలో వాపే. రెండో దాంట్లోనూ వాపే. మూడో దాంట్లో..."

"ఊఁ, మూడో దాంట్లో?"

"కేన్సరుంది. నీళ్ళు తాగుతారా?"

"వద్దు. వేరేవాళ్ళదేమో. సీసాలు తారుమారయ్యాయేమో."

"నాకూ అదే అనుమానం వచ్చింది. పేరూ, నంబరూ మళ్ళీ సరిచూశా. ఇంకో డాక్టరుకీ చూపించా. మీదే."

"స్కానింగులో పడలేదే! కోసినాయనకీ కనబడలేదే!"

"కంటికి ఆనేంత లేదు. సంచి గోడలో దాక్కుంది."

"నూనె ఎక్కువ తిన్నందుకా?"

"స్ఫాక్స్‌లో నూనె తిననిదెవరు పిన్నీ! మీ తప్పేం లేదు."

"అయితే పోతానన్నమాట."

"ఆ మాట నేనన్లేదు. తొందరగానే దొరికింది. మళ్ళీ ఆపరేషన్ చేసి కాలేయం అంచు కాస్త, చుట్టూ ఉన్న గ్రంథులూ తీసేస్తే బతికే దారి బాగానే ఉంది. గురువారం ఖాళీ ఉందన్నారు. ఇక ఆలస్యం చెయ్యకూడదు. ఇప్పటికే ఇరవై రోజులు పోయాయి."

"ఇరవై రోజులా! ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పడానికే ఫోను చేశాం! కాగితంలో మీ ఆయన నంబరుంది, లామీన్ గారిది. రోజూ పొద్దున పదింటికి నేనే చేశా. మోగుతుంది, మోగుతుంది, ఎత్తడు. ఏం మనిషండీ! పెళ్ళానికి ఆపరేషనైతే..."

"ఆయన్నేమీ అనకు."

"అనక? ఒక్కసారైనా ఎత్తి..."

"పోయి నాలుగేళ్ళయింది."

"మరి... ఆ ఫోను?"

"నా దగ్గరే. రోజూ చార్జింగు పెడతా. ఇక్కడ చేరేటప్పుడు అడిగితే ఆ నంబరే నోటికొచ్చింది. నాకంటూ వేరే లేదు. నాకు చేసేదెవరు?"

"అంటే మోగడం విన్నారా మీరు?"

"విన్నా. మొదటిరోజు గుండె ఝల్లుమంది. ఆ తర్వాత పదయ్యేసరికి కాఫీ కలుపుకుని దాని పక్కనే కూర్చునేదాన్ని."

"ఎత్తలేదేం పిన్నీ?"

"ఎత్తితే, ఆయన లేరని చెప్పాలిగా. ఏంటమ్మా, నువ్వేడుస్తున్నావు? రోగం నాకైతే!"

"ఏం లేదు. గురువారానికి మీ పేరు రాయించనా?"

"రాయించు."

"ఎన్నింటికి రావాలో రేపు చెప్పాలి మీకు..."

"పదింటికే చెయ్యి తల్లీ. ఎత్తుతాను."