తడవని కోటు

హలో… నాగక్కనేప్పా, చెప్పు వాసుదేవ్.

…జాకెట్టా? నీకా? …ఓ, నీళ్లలోకి దిగేటప్పుడు వేసుకునే కోటా. అట్ల చెప్పు.

ఎన్ని రకాలుండాయి ఫోన్లో? …పదకొండా. కర్నూల్లో అంత పెద్ద బట్టలంగడి పెట్టుకోని, కోటు ఎంచేదానికి శ్రీశైలం నీళ్లలో పడవ నడిపేదాన్ని అడుగుతాండావు.

…తడవకూడదా? అట్లయితే అంగట్లోనే కూచోవాల్సింది. చేప తినవు. ఈకలు కట్టిన గాలంతో పట్టేది, ఫోటో తీసుకునేది, మళ్లీ నీళ్లలో వదిలేది. దానికింత ఆర్భాటం.

…పొడుగుదా? మళ్లీ పొడుగుదేనా? పోయిన ఆదివారం స్కూటర్ మీద వేసుకునే వానకోటుతోనే దిగితివి. నడుములోతుకు పోతానే కింద నుంచి నీళ్లు దూరి, కోటు ఉబ్బి, నిన్ను లోపలికి లాక్కపోయె. మరిచిపోతివా?

…పొట్టిది తీసుకో. నడుముకాడికే ఉండల్ల. జేబులు ఎదమీద ఉండల్ల. ముంజేతికాడ బిగించుకునే పట్టీ చూడు— లేకుంటే గాలం ఎత్తినప్పుడంతా నీళ్లు చంకలోకి కారతాయి. లోపల కుట్ల సందుల్లో నీళ్లు దూరకుండా వాటిమీద కూడా పట్టీ అతికించి ఉండల్ల.

…రంగా? …బురదరంగయితే చేపలకు కనపడవా. సరే, మునిగితే మాకెట్ల కనపడతావు? నారింజది తీసుకో.

…నవ్వుతాండావా.

వాసుదేవ్, పది నిమిషాల నుంచి కోటు గురించే మాట్లాడతాండావు. నిన్ను బయటికి లాగింది మా ఆయన వీరభద్ర. బండకు కొట్టుకోని భుజం జారింది ఆదివారమే చూస్తివి. ఆయన ఎట్లుండాడని ఒక్క మాట అడగల్యా నువ్వు.

…ఇప్పుడడుగుతాండావా. కట్టు కట్టినారు. వీరభద్ర చెయ్యి ఎత్తలేడు. నెల దాకా వల ముట్టొద్దన్న్యాడు డాక్టరు.

…ఆయనకొక కోటా? మంచంలో వేసుకోని ఏం చేస్తాడప్పా?

…డబ్బులా? అవీ పంపొద్దు. నేనేమీ అడగల్యా.

నాకు మనిషి కావల్ల. ఆదివారం మేమేసిన వల నాని ఉండాది, ఒక్కదాన్నే పడవలోకి లాగలేను. రెండు దినాలాయ, చేపలతోనే నీళ్లలో పడుండాది. నువ్వొచ్చి లాగుతావా?

…ఆ, చేపలు ముట్టల్ల. చచ్చినవి కూడా ఉంటాయి. కంపు కొడతాయి.

…ఆదివారం దాకా యాడాగుతాయి? …అంగడెవరు తీస్తారో నాకేం తెలుసు.

…రేపా? నిజంగానా?

…సరే. పొద్దున ఆరింటికి పడవకాడ ఉంటా. నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోతా. పెడతాండా.