హద్దురాయి కింది గట్టు

"తాతా, నువ్వు ఎప్పుడన్న ఎవలతోటన్న వాదించి ఓడిపోయినవా?"

ఓడిపోవుడా? అవ్ బిడ్డ, ఓడిపోయిన. గట్ల నవ్వకు. ముప్పయ్యేండ్లు బడిల చెప్పినోన్ని, ఈ ఊర్ల నా మాటకు ఎదురు మాట్లాడెటోడు ఎవడుండె? కానీ ఓడిపోయిన. గది కూడ ఊరందరి ముంగట. నీ చేతిల గా మాటలు పట్టే డబ్బ నడుస్తుందా? సరె, నడవనియ్యి.

పోయినేడు... కాదు కాదు, అంతకు ముందటేడు ముచ్చట. అడివి భూములు దున్నుకునేటోళ్లకు హక్కు కాయితాలిస్తమని కొత్త చట్టమొచ్చింది గద, గప్పుడు. ఊర్ల కమిటీ ఏసిన్రు. రాత మంచిగుంటదని నన్ను దరఖాస్తులు రాసెటానికి కూసోబెట్టిన్రు. ఆదివాసీల దరఖాస్తులు జల్దీనే అయినయి. తిప్పలంత వేరేటోళ్లకు. వాళ్లు మూడు తరాల నుంచి, అంటె డెబ్బై అయిదేండ్ల సంది, ఆడ్నే బతుకుతున్నట్టు రుజువు చూపెట్టాలె.

సోమమ్మను నువ్వు చూడలే. వాగు అవతల ఇల్లు. మేకలు కాసుకుంట వచ్చి ఆడ నిలబడ్డ కుటుంబం. పెనిమిటి పోయిండు, కొడుకు, కోడలు, ఇద్దరు మనుమండ్లు. అందరికి కలిపి ఆ ఒక్క చేనే. జొన్న, కంది ఏస్తరు. చేను సగం అడివోళ్ల హద్దురాయికి లోపట ఉన్నది. రుజువు గాకపోతే ఆ సగం చుట్టు కందకం తవ్వి మొక్కలు పెడ్తరు. ఇగ మిగిలిన దాంట్ల ఏం పండుతది, నువ్వే చెప్పు?

బడి అరుగు మీద సభ పెట్టిన్రు. రేంజరు సారొచ్చిండు. గోదావరి కింది దిక్కాయన, మాట మెత్తగుంటది. నేను రాసిన కాయితం చదివి, "మాస్టారూ, మూడు తరాల నుంచి సాగు చేస్తున్నారని రాశారు. దేన్నిబట్టి రాశారు?" అన్నడు.

"ఊర్ల పెద్దమనుషులందరు చెప్తున్నరు సార్" అన్న నేను.

"ఆ పెద్దమనుషుల దరఖాస్తులు కూడా ఇందులోనే ఉన్నాయి కదండీ. ఒకరి మాటని ఇంకొకరి మాటకి ఆనించారు. ఆ రెండో మాట దేనికి ఆనింది?"

నాకు సర్రున కోపమొచ్చింది. "అంటే నేను అబద్ధం రాసిన్నా?" అని లేసిన.

"అబద్ధమని అనలేదండి. ఎలా తెలుసని అడిగాను."

ఆడ్నే ఓడిపోయిన బిడ్డ. బడిల పిల్లగాండ్లను నేను అడిగే సవాలే అది. జవాబు రాస్తె, ఎట్లొచ్చింది చూపెట్టు అంటుంటి. నన్ను అడిగితె నాకు రోషమొచ్చింది.

ఆడోళ్ల దిక్కుకెళ్లి సోమమ్మ లేసింది. "సారును కోపం జెయ్యకు పంతులన్నా. నా చేను నాదని నేనంటె సరిపోతదా? నేనైనా అడుగుత" అన్నది. మల్ల ఆయన దిక్కు తిరిగి, "ఎనిమిది దినాలు టైమియ్యి సారూ" అన్నది. ఆయన సరే అన్నడు.

సంతకం రాదు బిడ్డ ఆమెకు. ఏలిముద్ర.

ఎనిమిది దినాలు ఆ మనిషి చేన్లనే తిరిగింది. పని జేసెటానికి గాదు, ఊకె చూసుకుంట. కోడలొచ్చి నాతోటి, "మా అత్తకేమన్న అయిందా సారూ, రాళ్లతోటి మాట్లాడుతుంది" అని బాధపడ్డది. ఏడో దినమో ఆరో దినమో పొద్దుగాల్నే మా ఇంటికొచ్చింది. మీ నానమ్మ చాయ్ పోస్తె తాగలే. "అన్నా, ఓసారి రా" అన్నది.

పోతె ఏం జూపెట్టింది? హద్దురాయి. సున్నం గచ్చు ఏసి, దాని మీద నిలబెట్టిన పెద్ద రాయి. నిజాం కాలం నాటిది. ఈ దిక్కుకెళ్లి వాళ్ల చేని రాళ్లగట్టు వచ్చి ఆ గచ్చు కాడ ఆగింది. ఆ దిక్కు మల్ల అదే గట్టు అదే వరుసల పోయింది. "నడిమిట్ల ఏడికి పోయిందన్నా గట్టు?" అన్నది. నేను చూసుకుంట నిలబడ్డ. నలబై ఏండ్ల సంది ఆ తొవ్వ పొంటి నడుస్తున్నోన్ని నేను. ఒక్కనాడు కనవడలే!

రేంజరు సారుకు కబురు పెట్టినం. ఆయన వంగి చూసిండు, చుట్టు తిరిగిండు. "రాయి పాతిన తరవాత, దానికి రెండు పక్కలా మీరే గట్టు కట్టి ఉండొచ్చు కదమ్మా" అన్నడు.

నాకు మల్ల మంట లేసింది గని, నోరు మూసుకున్న. సోమమ్మ మాత్రం, "అవ్ సారూ, గట్ల గూడ కావచ్చు. తవ్వి చూడు" అన్నది. నా పక్కపొంటి గడ్డపార ఉంటె నేను తీసిన. "నువ్వొద్దన్నా! సారు మనిషి తవ్వాలె. మన చెయ్యి వడితె మనమే పెట్టినమంటరు" అన్నది. సూడు! గా సోయి నాకు రాలే.

ఆయన వాచరు గచ్చుకు పక్కకెళ్లి పైలంగ తవ్విండు. గచ్చు కదలలే. దాని కిందికి చెయ్యి వెట్టి చూస్తె రాళ్లు, వరుసగ, పేర్చిన రాళ్లు. గట్టు కిందికెళ్లి పోయింది బిడ్డ! ఆ హద్దురాయిని వాళ్ల గట్టు మీదనే నిలబెట్టిన్రు అప్పటోళ్లు. సారు గూడ మోకాళ్ల మీద కూసుండు.

అయినా అడిగిండు. అడగాలె గద, నేను తప్పనను. "గట్టు పాతదే, ఒప్పుకున్నాను. కానీ అది మీ వాళ్లదేనని ఎలా? ఎవరో సాగు చేసి వదిలేసి పోయి ఉండొచ్చు, మీరు తరవాత వచ్చి ఉండొచ్చు."

సోమమ్మ ఆ గుంతల చూస్తున్నది. చూసి చూసి, "గా రాయి బయటికి తియ్యి సారూ, గచ్చు కింది గా గుండ్రంది" అన్నది. వాచరు తీసిండు. ఇసుర్రాయి! కింది రాయి, సగానికి పలిగింది. నడిమిట్ల కీల బొక్క సగం కనవడుతున్నది.

ఇసుర్రాయి అంటె ఇప్పుడు మీకు తెల్వదు, జొన్నలు పిండి చేసే తిరగలి. గప్పట్ల రాళ్లు కొట్టేటోళ్లకు కుంచెడు జొన్నలు పోసి చెక్కిపిచ్చుకునేటోళ్లు. కల్లూరుల మీ చిన్ననానమ్మ ఇంట్ల ఇంక ఉన్నది, పోయినప్పుడు చూడు. ఆ, ఏం చెప్తున్న... పలిగిన రాయి.

సోమమ్మ గుంత అంచుకు కూసున్నది. "సారూ, మా అత్త చెప్పేది. వాళ్లత్త కాలంల ఇసుర్రాయి పలిగిందట. ఓ వానకు గట్టు తెగితె, ఆమె సగం రాయి తీస్కపోయి గండిల ఏసిందట. నేను ముచ్చటనుకున్న, ఇన్నొద్దులు మతికి గూడ రాలే. ఇంకో సగం మా బోళ్లు తోమేకాడ ఉన్నది" అన్నది.

కొడుకు ఉరికిండు. వాగు దాటి ఇంటికి పోయి, మోసుకొచ్చెవరకు ఎంత సేపయిందో నాకు తెల్వదు. ఆ రాయి మీద బూడిద, పాకురు, బోళ్లు తోమి తోమి నున్నగైంది. సోమమ్మ కడిగింది. సారే తన చేతులతోటి రెండు ముక్కలు దగ్గరకు జరిపిండు.

కూసున్నది బిడ్డ. పండ్లు కలిసినట్టు కూసున్నది. సారు ఆ అతుకు పొంటి గోరు పెట్టి గీసిండు, గోరు దూరలే. కీల బొక్క గుండ్రంగ పూర్తయింది. ఆయన శానసేపు దాని మీద చెయ్యి తియ్యలే. నేను గూడ పెట్టిన. సల్లగున్నది రాయి. ఏండ్లకేండ్లు మన్నుల ఒకటి, నీళ్లల ఒకటి. ఇప్పటికి చెప్తుంటె నాకు ఒళ్లు జలదరిస్తది, చూడు చెయ్యి.

ఇగ ఒక్కటే మిగిలింది, హద్దురాయి వయసు. దాని మీద ఉర్దూల సాలు, అంటె పాతిన ఏడాది, చెక్కి ఉన్నది. నేను చిన్నప్పుడు ముదిగొండల మా మేనమామ ఇంట్ల ఉండి ఉర్దూ బడిల చదివిన. పాకురు గీకి చదివిన, నిజామోళ్ల లెక్కల ఫసలీ సాలు. దానికి ఐదొందల తొంబై కలిపితె మన సంవత్సరమొస్తది. నేను పుట్టకముందుది, ఎనబై ఏండ్లు దాటింది! మూడు తరాలకు సరిపోతది. సారు రాసుకోబోయిండు. నేనే ఆపిన.

"ఆగున్రి సార్. దరఖాస్తు రాసింది నేనే, సాలు చదివింది నేనే. నా మాట ఒక్కటి సాలది. ఇంకోల్లతోటి చదివిపియ్యున్రి."

ఆయన నా దిక్కు చూసి నవ్విండు. ఎక్కిరించే నవ్వు గాదు. తెల్లారి కొత్తగూడెం బస్టాండు కాడ గడియారాలు బాగుజేసే ముసలి సాయబును జీపుల తోలుకొచ్చిండు. ఆయనకు మేమెవలమో తెల్వదు, భూమి ముచ్చట తెల్వదు. కండ్లకు అద్దం పెట్టుకొని, ఏలుతోటి ఒక్కో అంకె తడిమి చదివిండు. నేను చదివిందే. ఒక్క అంకె తప్పలే.

కాయితం రావడానికి ఇంక ఏడాది పట్టింది, అది వేరే సంగతి. కందకం మాత్రం తవ్వలే. ఆ గట్టు వరుసల్నే ఇంక నాలుగిండ్లోళ్ల చేన్లు ఉండె, వాళ్లకు గూడ అదే ఆధారమైంది. పట్టా వచ్చిన దినం సోమమ్మ మనుమండ్లను చెరో పక్కన కూసోబెట్టుకొని, నన్ను చదవమన్నది. పేరు, పెనిమిటి పేరు, మామ పేరు, సర్వే నంబరు, అన్ని చదివిన. అంత ఇన్నది. ఇని, "గా రాయి ఏసినామె పేరు లేదా అన్నా?" అన్నది.

లేదు. కాయితంల ఆమెకు జాగ లేదు. "ఏం పేరమ్మా ఆమెది?" అని అడిగిన. "మా అత్త 'మా అత్త' అనే అనేది. పేరెన్నడు చెప్పలే. నేను అడగలే" అన్నది.

నేను అప్పటిసంది అడుగుతనే ఉన్న. వాగు అవతల ముసలోళ్లను అందరిని అడిగిన, ఒక్కలకు తెల్వదు. వానల గంప నెత్తినెత్తుకొని పోయి గండిల రాయేసి, కాళ్లు కడుక్కొని ఇంటికొచ్చి వంట జేసుకున్నది గంతే ఆమె. ఎన్ని ఇండ్లు నిలబెట్టిందో ఆమెకు తెల్వనే తెల్వదు...

నువ్వు సల్లగుండు బిడ్డ, మంచిగ చదువు. ఎవలన్న 'ఎట్ల తెలుసు' అంటె నాలెక్క కోపం తెచ్చుకోకు. ఆ... పేరు. మల్లమ్మ కావచ్చు అంటడు ఒకడు. ఎంకమ్మ అంటది ఒకామె. అవి ఊకె అనుడే. ఎవలో ఒకలకు తెలిసే ఉంటది, కల్లూరు దిక్కుకెళ్లి వచ్చినామె అని ఒక మాట ఇన్న, ఓసారి ఆడికి గూడ పోయి అడగాలె...