మనుషులెక్కాక తీసిన కొలత

1990 ఆగస్టు ఆరవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ నేలపూడి మత్తయి గారు సైకిలుతో సహా పంటు మీద వైనతేయ నది దాటి అమలాపురం చేరుకుని, మన పాలిటెక్నిక్ కళాశాల వర్క్‌షాపులో అటెండరుగా విధుల్లో చేరారు. ఆనాడు వారికి అప్పగించిన మొదటి పని, షెడ్డులో ఉన్న 1959 నాటి అంబాసిడర్ కారును కడగడం. ముప్పై ఆరేళ్ళ సేవానంతరం ఈ జూన్ ముప్పైన వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో మన కళాశాల సంచికకు నాలుగు మాటలు రాయమని, లెక్చరరునైన నన్ను సంపాదకులు అడిగారు. ఆ కారును పక్కన పెట్టి వారి గురించి రాయడం నాకు చేతకాలేదు. వారు ఉద్యోగంలో చేరేనాటికి నేను పుట్టలేదు కనుక, తొలినాళ్ళ సంగతులన్నీ మన అటెండరు నూకయ్య గారు చెప్పినవి. తప్పులుంటే వారినే అడగాలి.

అటెండరుగా చేరిన మత్తయి గారు, పగలు పనిచేసి, దొరికిన సమయంలో చదువుకుని, పరీక్షలు రాసి 1998లో మెకానిక్కుగా, 2007లో ఇన్‌స్ట్రక్టరుగా, 2019లో వర్క్‌షాపు సూపరింటెండెంటుగా ఎదిగారు. తొంభై ఆరు తుపాను తరువాత కరెంటు లేక ఊళ్ళు మంచినీళ్ళకు అల్లాడుతున్నప్పుడు, వర్క్‌షాపులోని డీజిలింజన్లను ట్రాక్టరుకెక్కించి, తొమ్మిది రోజులపాటు చుట్టుపక్కల పంపులు నడిపించిన ఘనత వారిది. ఆ మాటెత్తితే, "ఇంజన్లు ఖాళీగా ఉన్నాయండి, నేనూ ఖాళీగానే ఉన్నాను" అని తేల్చేస్తారు.

ఇక ఆ కారు. దాన్ని విప్పి, మళ్ళీ బిగించడం మన విద్యార్థులందరికీ పాఠం. నడపడం మాత్రం ఏ సిలబస్సులోనూ లేదు. దాని ఇంజను ఎప్పుడో పగిలిపోయింది. నిరుడు తుక్కు జాబితాలో ఆ కారు పేరు చేరినప్పుడు, ముప్పై ఐదేళ్ళలో ఏనాడూ ఏదీ కోరని మత్తయి గారు ప్రిన్సిపాల్ వెంకటకృష్ణ గారికి ఒక అర్జీ పెట్టుకున్నారు. మార్చిలో తనిఖీ సంఘం వచ్చేనాటికి ఆ కారు నలుగురిని ఎక్కించుకుని ఆవరణ చుట్టూ తిరిగితే కళాశాలకే ఉంచాలని, తిరగకపోతే వేలం వేసుకోవచ్చని ఒప్పందం కుదిరింది.

రామచంద్రపురంలో షెడ్డు నడుపుతున్న పూర్వ విద్యార్థి శ్యామ్ బాబు గారు, అదే జాతికి చెందిన ముప్పై ఏళ్ళకు పైగా చిన్నదైన కారు నుంచి తీసిన ఇంజనును, ఐదు గేర్ల గేర్‌బాక్సును గురుదక్షిణగా పంపించారు. పాత కారుకు గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండేది, కొత్తదానికి నేలలోంచి రావాలి. అడుగు రేకు కోయవలసి వచ్చినప్పుడు మత్తయి గారు గ్రైండరు నా చేతికిచ్చి, "మీరు కానివ్వండి మేడమ్ గారూ" అని షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డారు. కోత శబ్దం ఆగాక గానీ లోపలికి రాలేదు.

గేర్‌బాక్సు మారింది కనుక, అక్కడి నుంచి వెనక చక్రాల ఇరుసుకు శక్తిని చేర్చే పొడవాటి షాఫ్టు కూడా కొత్తది కావాలి. ఆ కొలత తీసింది నేను. కారును స్టాండ్ల మీదకు ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా లేజరుతో కొలిచి, కంప్యూటరులో బొమ్మ గీసి, మిల్లీమీటరులో పదో వంతు దాకా లెక్క తేల్చాను. మత్తయి గారు ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఆయ్" అని సంతకం చేశారు.

మార్చిలో తనిఖీ సంఘం నుంచి వచ్చిన ముగ్గురు పెద్దమనుషులు కారెక్కారు. మత్తయి గారు స్టీరింగు పట్టారు. కారు హుందాగా కదిలి, ఆఫీసు ముందున్న స్పీడు బ్రేకరు ఎక్కి దిగగానే కింద నుంచి పెద్ద చప్పుడు వచ్చి ఆగిపోయింది. బరువుకు స్ప్రింగులు అణగి, ఇరుసు పైకి జరిగి, పొడవెక్కువైన షాఫ్టు గేర్‌బాక్సును వెనక నుంచి గుద్దింది.

"ఈ కొలత ఎవరు తీసేరండీ?" అన్నారు సంఘం పెద్ద.

నేను నోరు తెరిచేలోగా మత్తయి గారు, "సంతకం నాదండి" అన్నారు.

పది రోజుల గడువిచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఏడవకూడదని ప్రయత్నిస్తుంటే నూకయ్య గారు, "మేడమ్ గారి తప్పు కాదండి, వెనక కూర్చున్నాయన భోంచేసి వచ్చేరు" అని తీర్పిచ్చారు.

"మీకు ముందే తెలుసా?" అని మత్తయి గారిని అడిగాను.

"అనుమానం వచ్చిందండి. ఎమ్‌టెక్ చదివేరు, పైగా కంప్యూటరు లెక్క, మీకు చెప్పడం బాగోదని ఊరుకున్నాను. మర్యాదకి పోయి బండిని పాడు చేసేను. అది నా తప్పేనండి."

"మరి ఎలా కొలవాలండీ?"

"బండి పని మనుషుల్ని మొయ్యడం కదండీ. మనుషులెక్కేక కొలవాలి."

గేర్‌బాక్సు వెనక భాగం మార్చాక, కారును నేలలో తవ్విన పిట్ మీదకు నెట్టుకొచ్చి, స్టాఫ్ రూములో ఎవరు కనిపిస్తే వాళ్ళను ఎక్కించారు. ప్రిన్సిపాల్ గారు ముందు సీటులో కూర్చున్నారు. మత్తయి గారు కొబ్బరి ఈనె ఒకటి చీరి, కొలత తీయడానికి పిట్‌లోకి దిగబోయారు. నేను ఆ ఈనె లాక్కున్నాను.

"తప్పు కొలిచింది నేను. ఈసారీ నేనే కొలుస్తాను. మీరు వెనక సీట్లో కూర్చోండి."

"నేనాండీ? ఆ సీట్లోనా?"

అన్నేళ్ళలో వారు ఆ సీటును తుడిచారు, విప్పారు, కుట్టించారు, కూర్చోలేదు. నూకయ్య గారు జరిగి చోటిచ్చారు. నేను కింది నుంచి చూస్తుండగా స్ప్రింగులు మరి కాస్త అణిగాయి. ఈనెను ఆనించి, గోటితో గిచ్చి, కొంచెం ఖాళీ వదిలి విరిచాను. కొత్త షాఫ్టు ఆ ఈనె పొడవునే తయారైంది. నా మొదటి లెక్కతో పోలిస్తే ఎంత తక్కువో ఈ సంచికలో అచ్చు వేయించుకునే ధైర్యం నాకు లేదు.

పదో రోజున అదే ముగ్గురినీ ఎక్కించుకుని కారు ఆవరణ చుట్టూ మూడుసార్లు తిరిగింది. రెండుసార్లు అదనం, దిగమంటే పెద్దమనుషులు దిగలేదు. తుక్కు జాబితాలో దాని పేరు కొట్టేశారు. ఇంజను మార్పుకు రవాణా శాఖ అనుమతి కూడా మే నెలలో వచ్చింది.

వారి సతీమణి ఎలీసమ్మ గారు ఈ విజయం సంగతి విని, "పెళ్ళైన కాణ్ణుంచీ నేను మా ఆయన్ని సగమే చూసేనమ్మా. మిగతా సగం ఆ కారు కిందే ఉండేది. ఇప్పుడు పూర్తిగా పంపిస్తారా?" అని అడిగారు. పంపిస్తున్నామండీ.

మత్తయి గారూ, ముప్పయ్యో తేదీ సాయంత్రం సన్మానం ముగిశాక మిమ్మల్ని ఇంటికి సాగనంపేది ఆ కారులోనే. నేను నడుపుతాను. మీరు వెనక సీటులో, ఎలీసమ్మ గారి పక్కన కూర్చోవాలి. దారిలో ఏ చప్పుడు వినిపించినా ఈసారి మర్యాదకు పోకుండా అప్పటికప్పుడే చెప్పాలి. ఆయురారోగ్యాలతో, ఇంటిల్లిపాది ఆనందంతో మీరు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఒంట్లో ఇప్పుడున్న సత్తువలో వీసమెత్తు కూడా తగ్గకూడదని మా అందరి ఆకాంక్ష. ఇందులో కాస్త స్వార్థం కూడా ఉంది. ఆ షాఫ్టు కొలతలో మీ బరువు ఉంది.

తులసి
లెక్చరర్, మెకానికల్ విభాగం