గురి తప్పిన ఏడు చుక్కలు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూలై మూడవ తేదీన, ఉద్యోగంలో చేరడానికి గేటు దగ్గర సంతకం చేస్తుండగా, ఆమెకు గోడ అవతల నుంచి ఒక సన్నని మూలుగు వినిపించింది. మా రేడియో దూరదర్శినిని ఆమె అప్పటికింకా చూడలేదు. “అదేంటండీ, తిరిగేటప్పుడు ఒకచోట గొంతు మారుతోంది?” అని కాపలాదారును అడిగారట. అరిగిన పళ్ళచక్రం బయటపడటానికి మాకు మూడు వారాలు పట్టింది. నేడు పదవీ విరమణ చేస్తున్న మా సీనియర్ ఇంజనీరు గారి ముప్ఫై మూడేళ్ళ సేవ ఆ ప్రశ్నతోనే ఆరంభమైంది.

తొలి పదేళ్ళు మోటార్ల విభాగంలోను, ఆపై గురి సవరణలోను గడిచాయి. యాంటెన్నా తాను చూస్తున్నాననుకునే చోటికీ, నిజంగా చూస్తున్న చోటికీ ఎప్పుడూ కొంత ఎడముంటుంది. ఆకాశంలో స్థానం కచ్చితంగా తెలిసిన ప్రకాశవంతమైన రేడియో మూలాలను ఎన్నుకొని, వాటి మీదుగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి యాంటెన్నాను నడిపి, సంకేతపు శిఖరం ఎక్కడ వచ్చిందో కొలిచి, ఆ తేడాలన్నిటినీ గ్రాఫు మీద ఒక్కో చుక్కగా పెట్టి, ఒక సవరణ పట్టికగా కూర్చడం ఆమె విద్య. కారణం తెలియనిదే ఒక్క చుక్కనైనా కొట్టేయనివ్వని ఆ పట్టుదలకు మేము చాటున పెట్టుకున్న పేరును ఇక్కడ రాయడానికి కలం జంకుతోంది. “ఇంట్లో పటం వంకరగా ఉందంటే చాలండి, ఎటు, ఎంత, ఎప్పట్నుంచి అంటుంది. చెప్పేసరికి నా మెడ వంకరపోతుంది,” అంటారు ఆమె భర్త.

గత నెల కొత్త రిసీవరు బిగించాక పట్టికను మొదటినుంచి కూర్చవలసి వచ్చింది. ఒక పరిశోధక విద్యార్థినికి రెండేళ్ళు వేచిన మీదట దూరదర్శిని దక్కిన ఒకే ఒక్క మధ్యాహ్నం ఆ వారపు గురువారమే. మంగళవారం కొలిచిన నూట పన్నెండు చుక్కల్లో ఏడు వరుస తప్పాయి. తీసేస్తే మిగిలినవి ముచ్చటగా కుదిరాయి. తీసేసింది నేనే.

“ఎందుకు తీశావు?”

“గాలి వల్లేమో మేడమ్. ఏడే కదా.”

“గాలైతే తలో వైపుకీ తోస్తుంది. ఇవన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే వైపు పోయాయేంటి? టైం చూశావా?”

అన్నీ మధ్యాహ్నం రెండు దాటాక కొలిచినవే. యాంటెన్నా ఆపించి, నిచ్చెనెక్కి, రిసీవరును మోసే నాలుగు కాళ్ళనూ ఆమె అరచేత్తో తాకి చూశారు. మూడు చల్లగా ఉన్నాయి, ఒకటి కాలుతోంది. బిగింపు వేళ విప్పిన ఎండరేకును దానికి ఎవరూ మళ్ళీ చుట్టలేదు. కాలు వేడికి సాగి, గురి పక్కకు జరుగుతోంది. నా పట్టికనే నమ్ముకుంటే ఆ అమ్మాయి ఖాళీ ఆకాశాన్ని కొలుచుకొని వెళ్ళేది.

బుధవారం రేకు చుట్టించి ఆమే మళ్ళీ కొలిస్తే ఏడూ వరుసలోకి వచ్చాయి. గురువారం ఆ అమ్మాయి వెతికే మూలం తెర నడిమధ్యన నిలిచింది.

వారికి సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘ ఆయువు, అడగవలసిన ప్రశ్నలు ఎన్నటికీ తరగని ఉదయాలు, వారి భర్తగారి మెడకు కొంత విశ్రాంతి లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.

కొత్త పట్టికకు దాన్ని కూర్చినవారే పేరు పెట్టి, మైకులో ప్రకటించడం మా ఆనవాయితీ. ఇన్నేళ్ళూ ఆమె పట్టికలకు తేదీలే పేర్లు. ఆ గురువారం మాత్రం ఆమె మైకు దగ్గరకు లాక్కొని, మా అందరి వంకా ఒకసారి చూసి, తాపీగా అన్నారు:

“కొత్త పట్టిక సిద్ధం. పేరు, చాదస్తం.”